గోస వినని పాట అతకదు

రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటింది. ఉగాదికో, సంక్రాంతికో వేదికెక్కి ‘ఎక్కడున్నా మనమంతా ఒక్కటే’ అని పాడే ఆనవాయితీ మాత్రం పోలేదు. చప్పట్లు పడతాయి, పులిహోర తిని ఎవరి ఇంటికి వాళ్లు వెళ్తారు. అలాంటి పాట ఎందుకు అతకదో హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరు చుట్టుపక్కల బతికినవాళ్లకు బాగా తెలుసు.

1960లలో రామచంద్రాపురానికి బీహెచ్‌ఈఎల్ వచ్చింది. 1972లో ఇక్రిశాట్, ఆ తర్వాత ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలు. కోస్తా జిల్లాల నుంచి కొలువులకొచ్చినవాళ్లు ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు, ఇక్కడే పిల్లల పెళ్లిళ్లు చేశారు. 2014 జూన్ 2తో వాళ్ల పుట్టినూరు పక్క రాష్ట్రానికి పోయింది. ఉంటున్న ఊళ్లోనేమో ‘సెటిలర్లు’ అన్న పేరు పోలేదు. ఇక ఊరోళ్ల గోస వేరు. భూములు కంపెనీలకు పోయాయి. నక్కవాగులో రసాయనాలు కలిసి పొలాలు చెడ్డాయి. ఆ కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. ‘నౌకర్లు బయటోళ్లకు, కంపు మాకా?’ అన్న ఊరోళ్ల మాటకు ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు.

శంకరంబాడి సుందరాచారి రాసిన ‘మా తెలుగు తల్లికి’ మంచి పాటే. ఉమ్మడి రాష్ట్రం బడిబడినా దాన్ని పాడించింది. కానీ 1969లో ముల్కీల (తెలంగాణ స్థానికుల) గోడు వినమంటే సరిగ్గా వినలేదు. వాటా లెక్క చెప్పని అన్న లాంటి ఆ రాష్ట్రం మీది కోపం చివరికి ఆ పాట మీద పడింది.

అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’ 2024లో రాష్ట్రగీతమైంది. దానికి బాణీ కట్టింది గోదావరి ఒడ్డున కొవ్వూరులో పుట్టిన కీరవాణి. మన గీతానికి మన సంగీతకారులే దొరకలేదా అని తెలంగాణ సినీ సంగీతకారులు అభ్యంతరం చెప్పారు. అరవై ఏళ్లు అవకాశాలు రాలేదన్న మనిషి ఆ మాట అనడం న్యాయమే. అయినా కీరవాణిని పిలవడమే సరైందని నేనంటాను. తాపీ పని చేసి, పశువులు కాసి కవి అయిన అందెశ్రీ మాటకు అటు మనిషి రాగం కట్టి సేవ చేశాడు. ఎవరి మాట ముందో, ఎవరు వంత పాడాలో అక్కడ తేలిపోయింది. సయోధ్యకు కావలసింది ఆ వరసే.

ఇది కొత్త కూడా కాదు. 1972లో పుట్టిన విప్లవ కళాసంస్థ జననాట్యమండలిలో పాత మెదక్ జిల్లా తూప్రాన్ గద్దర్, ఉత్తరాంధ్ర వంగపండు కలిసి ఆడిపాడారు. శ్రీకాకుళం యాసలో వంగపండు కట్టిన పాటలను తెలంగాణ పల్లెలు తమ పాటలుగానే పాడుకున్నాయి. వాటిలో ఐక్యత గురించి ఉపన్యాసం లేదు, కూలోడి కడుపు మంట ఉంది. అందుకే అవి ఏ పొలిమేరలోనూ ఆగలేదు.

ఇప్పుడు మనకు మరో పరీక్ష వచ్చింది. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగి యాభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. మొన్న ఆంధ్రా వాళ్లను బయటోళ్లన్నాం, నేడు భోజ్‌పురి, ఒడియా మాట్లాడేవాళ్లను అంటున్నాం. వాళ్ల గదుల్లో ఏం పాడుకుంటారో పక్క వీధికి తెలియదు.

కాబట్టి కొత్త ఐక్యతా గీతాలు రాయించే ఖర్చు మానుకోవచ్చు. జూన్ 2 వేడుకల్లో కాలనీల్లోని కోస్తా కుటుంబాలు నక్కవాగు రైతు గోసను పాడాలి. ఊళ్లోని బతుకమ్మ ఆటలో పాశమైలారం కార్మికుల ఆడబిడ్డలకూ చోటివ్వాలి. ఎదుటివాడి బాధను మన నోటితో పాడటానికి గొంతు పెగలనప్పుడు, ‘మనమంతా ఒక్కటే’ అనే హక్కు మనకు రాదు.