కోర్టులు మూసినప్పుడు ఇంటర్న్‌షిప్పులా?

న్యాయ విద్యార్థికి వేసవి సెలవులు వచ్చే మే నెలలోనే సివిల్ కోర్టులకూ సెలవులు. తిరుపతి, చిత్తూరుల్లో లా చదివే పిల్లలు ఇంటర్న్‌షిప్ కోసం సీనియర్ల ఆఫీసుల మెట్లెక్కేది ఎక్కువగా ఆ రోజుల్లోనే. అప్పుడు అక్కడ చూడటానికి ఏముంటుంది? వెకేషన్ కోర్టులో అత్యవసర పిటిషన్లు, మేజిస్ట్రేట్ల దగ్గర రిమాండ్లు, బెయిళ్ళు. సివిల్ దావాలో సాక్షి బోనెక్కడు, క్రాస్ జరగదు, వాదనలు వినపడవు. నెల గడుస్తుంది, లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్ వస్తుంది, కాలేజీ ఫైల్లో చేరుతుంది. కొన్నిచోట్ల ఆఫీసు గడప తొక్కకుండానే ఆ కాగితం దొరుకుతుందన్నది ఈ వృత్తిలో అందరికీ తెలిసిందే. దీనికి పిల్లల బద్ధకాన్ని తిట్టి ఊరుకోవడం అన్యాయం. క్యాలెండరు వేసింది వాళ్ళు కాదు.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి న్యాయవిద్య నిబంధనల్లో ఈ విషయం స్పష్టంగానే ఉంది. మూడేళ్ళ కోర్సుకు కనీసం 12 వారాలు, అయిదేళ్ళ కోర్సుకు 20 వారాలు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఏ ఏడాదిలోనూ ఏకధాటిగా నాలుగు వారాలు మించకూడదు. చదువు పూర్తయ్యేలోగా ఒక్కసారైనా ట్రయల్ కోర్టు న్యాయవాది దగ్గర, అప్పీలు న్యాయవాది దగ్గర పనిచేయాలి. ఈ నాలుగు వారాలను సెలవుల్లోనే పెట్టాలని మాత్రం ఆ నిబంధన చెప్పదు.

పెద్ద లా ఫర్మ్ అంటే మన పిల్లలకు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై గుర్తొస్తాయి. అక్కడి అద్దాల గదుల్లో కంపెనీల ఒప్పందాలు చదవాలన్న ఆశ తప్పేమీ కాదు. అయితే మన దగ్గర లా ఆఫీసు అంటే చాలావరకు సీనియర్ ఇంటి ముందుగది, ఇద్దరు ముగ్గురు జూనియర్లు, బీరువా నిండా కేసు కట్టలు, ఏళ్ళ తరబడి ఆయన్నే అంటిపెట్టుకున్న గుమాస్తా. ఆ గదిని తక్కువగా చూడటం అలవాటైపోయింది. తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ చిత్తూరు బార్‌లో ప్రాక్టీసు చేసినవారే. ఆయన లోక్‌సభ స్పీకరు దాకా వెళ్ళారు.

ఆ గదిలో దొరికే చదువు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. ఒక డీకేటీ (అసైన్డ్) భూమి తగాదానే తీసుకోండి. పట్టా ఎవరి పేరున, ఏ సంవత్సరంలో ఇచ్చారు? అడంగల్‌లో అనుభవదారు ఎవరు? సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింది నిషేధిత జాబితాలో ఉందా? అసైన్డ్ భూములు చేతులు మారకూడదన్న 1977 చట్టం ఈ అమ్మకాన్ని కొట్టేస్తుందా, ఇరవై ఏళ్ళు దాటిన అసైనీలకు హక్కులిచ్చిన 2023 సవరణ కాపాడుతుందా? ఈ ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి ఎలా వస్తాయో కట్ట విప్పి చూస్తేనే తెలుస్తుంది. కార్వేటినగరం, పుంగనూరు, శ్రీకాళహస్తి జమీందారీలు 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో పోయినా, ఆ గ్రామాల్లో హక్కు తేల్చాలంటే నేటికీ సెటిల్‌మెంటు రికార్డు దాకా వెళ్ళాల్సి వస్తుంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళి, సత్యవేడు పరిసర గ్రామాలు ఇటు వచ్చాయి. ఆ గ్రామాల పాత దస్తావేజులు తమిళంలో ఎదురవుతాయి. నగరి నుంచో సత్యవేడు నుంచో వచ్చిన విద్యార్థి వాటిని గడగడా చదివేస్తే ఆఫీసులో అతనికున్న విలువ ఏపాటిదో వేరే చెప్పాలా?

శేషాచలం అడవుల కేసులూ అంతే. ఎర్రచందనం నేరాల కోసం 2022లో తిరుపతిలో ప్రత్యేక కోర్టులు వచ్చాయి. నరకడానికి వచ్చి పట్టుబడే కూలీల్లో చాలామంది తమిళనాడు కొండ పల్లెలవాళ్ళు. తమ మీద పెట్టిన కేసు ఏమిటో వాళ్ళ భాషలో చెప్పే మనిషి దొరకడమే గగనం. అక్కడ కూర్చుని నాలుగు వాయిదాలు గమనించిన పిల్లకు స్వేచ్ఛ, నిరపరాధిత్వం అన్న మాటలకు బరువెంతో తెలుస్తుంది.

ఇక గుమాస్తా. దావా ఏ అభ్యంతరంతో రిటర్న్ అవుతుంది, కోర్టు ఫీజు లెక్క ఎక్కడ తప్పుతుంది, సర్టిఫైడ్ కాపీకి ఏ రోజు దరఖాస్తు పెడితే అప్పీలు గడువు దాటదు అన్నది అతని వేలికొసల మీద ఉంటుంది. కక్షిదారుల్ని చాలాసార్లు దెబ్బతీసేది ఇలాంటి చిన్న పొరపాట్లే. ఇంటర్న్‌షిప్ మొదటి వారం గుమాస్తా వెంట తిరగాలని కాలేజీలే చెప్పాలి.

సీనియర్ల వైపు నుంచి చూస్తే, తనకు ఏ లాభమూ లేని కుర్రాడికి పని నేర్పే ఓపిక అందరికీ ఉండదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లోనే దీనికి దారి ఉంది: కనీసం పదేళ్ళ అనుభవం ఉండి, విద్యార్థులకు నేర్పడానికి ముందుకొచ్చే న్యాయవాదుల జాబితాను రాష్ట్ర బార్ కౌన్సిల్ జిల్లాలవారీగా తయారుచేయాలి. అది ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీద ఉంటే, బంధువుల్లో వకీలు లేని పిల్లలకు కూడా తలుపు తెరుచుకుంటుంది. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్‌లో చిత్తూరు నుంచి విడివడినా, ఈ ప్రాంతమంతటికీ జాబితా కలిపే ఉండాలి.

డబ్బు మాట కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. తిరుపతి రుయా ఆసుపత్రిలో హౌస్ సర్జన్‌కు ప్రభుత్వం స్టైపెండ్ ఇస్తుంది. అదే ఊళ్ళో కోర్టుకు వెళ్ళే న్యాయ విద్యార్థి బస్సు చార్జీ కూడా సొంతంగా పెట్టుకోవాలి. జూనియర్ లాయర్లకు నెలకు 5,000 రూపాయలిచ్చే పథకం 2019లో రాష్ట్రంలో మొదలైంది. వాళ్ళకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. విద్యార్థి ఊసు మాత్రం రెండింట్లోనూ లేదు. నల్లకోటు సమకూర్చుకోలేని ఇంటర్న్ తెల్ల ప్యాంటు, నిండు చేతుల చొక్కాతో రావచ్చని నిబంధన రాసినవాళ్ళకు పిల్లల పేదరికం తెలుసు. ఆ ఎరుక ప్రయాణ ఖర్చుల దాకా వెళ్ళలేదు, అంతే.

అమ్మాయిల సంగతి ఇంకా జాగ్రత్తగా ఆలోచించాలి. పదిమంది కూడా లేని ఆఫీసులో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండదు. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం అలాంటిచోట వేధింపులు ఎదురైతే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి ఫిర్యాదు చేయాలి, ఇంటర్న్‌కూ ఆ హక్కు ఉంది. ఇంటర్న్‌షిప్‌కు పంపే లేఖలోనే ఆ కమిటీ ఫోన్ నంబరు ఉండాలి.

2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పోస్టులకు మూడేళ్ళ ప్రాక్టీసు నిబంధనను తిరిగి తెచ్చింది. జడ్జి పరీక్ష రాద్దామని పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో ఎస్వీయూలోనో చేరిన అమ్మాయి ఇప్పుడు ముందు ఒక సీనియర్ ఆఫీసులో నిలదొక్కుకోవాలి. విద్యార్థిగా ఆ గది అలవాటు కాకపోతే పట్టా పుచ్చుకున్నాక అక్కడ ఆమెకు అంతా కొత్తే.

ఈ రెండు విశ్వవిద్యాలయాలు అకడమిక్ క్యాలెండర్లు తామే వేసుకుంటాయి. వచ్చే ఏడాది క్యాలెండరులో, సంక్రాంతి సెలవుల తర్వాత కోర్టులు నిండుగా నడిచే రోజుల్లో, నాలుగు వారాలు తరగతులు ఆపి పిల్లల్ని కోర్టులకు పంపాలి. మూట్ కోర్టు, ఇంటర్న్‌షిప్ పేపరు వంద మార్కుల్లో ట్రయల్ పరిశీలనకు 30, ఇంటర్న్‌షిప్ డైరీ ఉన్న భాగానికి మరో 30 ఉన్నాయి. వైవాలో ఆ డైరీ తెరిచి, ఫలానా వాయిదాలో సాక్షి ఏం చెప్పాడని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ఎవరు కోర్టుకు వెళ్ళారో ఎవరు వెళ్ళలేదో బయటపడుతుంది.