మందుల లెక్క తేలింది, నర్సు గోడు తేలలేదు

ఫెంటానిల్ అనే నొప్పి మందు లెక్కలు సరిగా రాయలేదన్న ఆరోపణల మీద యేల్ విశ్వవిద్యాలయం 2022 అక్టోబరులో అమెరికా ప్రభుత్వానికి 3,08,250 డాలర్లు కట్టి కేసు ముగించుకుంది. లెక్కలు కట్టుదిట్టం చేయాల్సిందే. కానీ రోగులకు చేరాల్సిన ఆ మందును తాను వాడుకుని, సీసాల్లో సెలైన్ నింపిన అక్కడి సంతాన సాఫల్య కేంద్రం నర్సు అంత దూరం ఎలా వెళ్లిందన్న ప్రశ్న జరిమానాతో తీరేది కాదు. అండాల సేకరణ వేళ నొప్పి భరించిన మహిళల పట్ల ఆమె చేసింది నేరమే, అందులో సందేహం లేదు.

ఇలాంటివి బయటపడినప్పుడల్లా వినిపించే మాట ఒకటుంది: "మందుల సంగతి అంతా తెలిసిన నర్సు. తెలిసి తెలిసి చేసిందంటే అది ఆమె బలహీనతే." ఇంతకంటే కపటమైన వాదన లేదు.

తెలిసి ఉండటమే ఇక్కడ ముప్పు. ఏ మందు ఎంత మోతాదులో ఎంతసేపు పనిచేస్తుందో రోజూ చూసే మనిషికి దాని పట్ల బెరుకు పోతుంది. సూది వేసిన కాసేపటికే రోగి ముఖం తేటపడటం ఆమె కళ్లారా చూస్తుంది. రోగులను ఎత్తీ దించీ పట్టేసిన తన నడుముకూ, నైట్ డ్యూటీ తర్వాత రాని నిద్రకూ, వార్డులో చనిపోయిన బిడ్డ తల్లి ఏడుపు చెవుల్లోంచి పోకపోవడానికీ అదే మార్గమనిపిస్తుంది. అదుపులో ఉంచుకోగలనన్న ధీమా ఆమెకు చదువే ఇస్తుంది.

బలహీనతే కారణమైతే అది వార్డును బట్టి ఎందుకు మారుతుంది? అలిసన్ ట్రింకాఫ్, కార్లా స్టార్ 1998లో ప్రచురించిన అధ్యయనం 4,438 మంది అమెరికా నర్సులను పరిశీలించింది. స్త్రీల ఆరోగ్యం, పిల్లల, సాధారణ విభాగాల వారితో పోలిస్తే ఎమర్జెన్సీ నర్సులు గంజాయి లేదా కొకైన్ వాడే అవకాశం 3.5 రెట్లు. క్యాన్సర్ విభాగంలో అతిగా తాగే అవకాశం రెండింతలు. ప్రిస్క్రిప్షన్ మందుల వాడకంలో మాత్రం విభాగాల మధ్య తేడా లేదు. ఆ ముప్పు అందరికీ ఉంది. కొన్ని స్వభావాల వారే అలాంటి వార్డులు కోరుకుంటారన్న వాదనను కొట్టిపారేయలేం. కోరుకున్నా సరే, వరస చావుల మధ్య నిలబెట్టి, కన్నీళ్లు తుడుచుకునే వ్యవధి కూడా ఇవ్వని డ్యూటీ చార్టు రాసింది ఆమె కాదు కదా!

సాయం అడిగితే ఉద్యోగం, రిజిస్ట్రేషన్ రెండూ పోతాయన్న భయమే ఆమె నోరు నొక్కుతోంది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 1983లోనే నర్సులను నేరుగా శిక్షించడానికి బదులు చికిత్సకు పంపి, కోలుకున్నాక పర్యవేక్షణలో మళ్లీ పనిలోకి తీసుకునే మార్గం తెరిచింది. తెలుగు రాష్ట్రాల నర్సింగ్ కౌన్సిళ్లు కూడా అలాంటి పథకాన్ని బహిరంగంగా ప్రకటించాలి. తనంతట తాను ముందుకొచ్చిన నర్సు పేరు గోప్యంగా ఉంచుతామని, చికిత్స సాగినన్నాళ్లూ రిజిస్ట్రేషన్ రద్దు చేయబోమని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి.