మాన్పించిన ఆట

ఈ వారం ఒక పెళ్లి సంబంధం మాటల్లో కూర్చోవాల్సి వచ్చింది. అబ్బాయిది తెనాలి దగ్గర మా కొల్లిపర పక్క ఊరు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మధ్యవర్తి అబ్బాయి గుణగణాలు ఏకరువు పెడుతూ, "సిగరెట్ లేదు, మందు లేదు, ఆటలూ గీటలూ అసలే లేవండి. ఆఫీసు, రూము, అంతే" అన్నాడు. ఆడపిల్ల తరఫు పెద్దలు తృప్తిగా తలలూపారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. మందు, సిగరెట్ల వరసలోకి వాలీబాల్‌ను ఎవరు చేర్చారు? ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు బంతి ముట్టుకోడన్నది ఫిర్యాదు కావాలి గానీ సిఫారసు ఎలా అయింది?

అంతలోనే ఇంకొకాయన అందుకున్నాడు: "కంప్యూటర్ వాళ్లకి ఆటల మీద ఇంట్రెస్ట్ ఉండదులెండి." ఈ మాట కొల్లిపర సెంటర్లో విన్నాను, తెనాలి బస్టాండ్‌లో విన్నాను, చదువుకున్నవాళ్ల నోటా విన్నాను. కోడ్ రాసేవాడి బుర్ర ఆటల వైపు తిరగదట. అది పుట్టుకతో వచ్చిన గుణమట. పచ్చి అబద్ధం. ప్రోగ్రామర్లకు ఆటంటే ప్రాణం. పదో తరగతి అయిన మర్నాటి నుంచి వాళ్ల చేత ఆ ఆట మాన్పించింది మనం. మాన్పించి, ఇప్పుడు వాళ్లకే ఇష్టం లేదని చాటుతున్నాం.

నమ్మకం కుదరకపోతే సంక్రాంతికి మా మండలానికి రండి. కొల్లిపర, తూములూరు, దావులూరు, మున్నంగి, అత్తోట, ఏ ఊరైనా సరే. భోగికి ముందురోజే హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి కుర్రాళ్లు దిగిపోతారు. పండగ మూడు రోజులూ సాయంత్రం నాలుగయ్యేసరికి రెండు ఇనప గొట్టాల మధ్య నెట్టు బిగుస్తుంది, నేల మీద సున్నంతో గీతలు పడతాయి. ఏళ్ల తరబడి కీబోర్డు తప్ప మరొకటి తాకని చెయ్యి బంతిని పైకెగరేసి సర్వీసు కొడుతుంది. హైస్కూల్లో నేర్చిన సర్వీసే, నెట్టుకు బెత్తెడు ఎత్తున వెళ్లి అవతలి మూలన పడుతుంది. చెయ్యి మరిచిపోలేదు. మరిచిపోయింది ఊపిరి. రెండో గేమ్ సగానికి వచ్చేసరికి మోకాళ్ల మీద చేతులు ఆనించి వగరుస్తుంటారు. ఎగిరి కొట్టాల్సిన బంతిని నిలబడి తోస్తుంటారు. ఊళ్లో పొలం పనులు చేసుకునే తోటి ఈడువాళ్లు మాత్రం చెమట తుడుచుకుని మూడో గేమ్‌కి సిద్ధంగా ఉంటారు. అయినా మన సాఫ్ట్‌వేర్ కుర్రాడు కోర్టు వదలడు. చీకటి పడి బంతి కనపడకపోతే కారు తెచ్చి లైట్లు వేసి మరీ ఆడతాడు. ఇష్టం లేనివాడు చేసే పనేనా ఇది?

కంప్యూటర్ శాస్త్రానికి మూలపురుషుల్లో ఒకడైన ఆలన్ ట్యూరింగ్ సంగతే చూడండి. ఆయన మారథాన్ పరుగు వీరుడు. 1947లో ఇంగ్లండ్ అథ్లెటిక్ ఛాంపియన్‌షిప్‌లో మారథాన్‌ని 2 గంటల 46 నిమిషాల 3 సెకన్లలో ముగించి అయిదో స్థానంలో నిలిచాడు. మరుసటి ఏడు లండన్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం కొట్టినవాడికీ ఆయనకీ తేడా పదకొండు నిమిషాలే. ఆ శాస్త్రం పుట్టిననాడు పరుగెత్తే కాళ్లూ లెక్కలు కట్టే తలా ఒక్క మనిషివే. వేరు చేసింది మన తెలుగునాటి కాలేజీలు.

ఇంత వెనక్కి పోనక్కర్లేదు. 2024 జూన్ 6న డాలస్ దగ్గర టీ20 ప్రపంచకప్‌లో అమెరికా పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్లో ఓడించింది. 18 పరుగులు కాపాడుకోవాల్సిన ఆ ఆరు బంతులూ వేసింది సౌరభ్ నేత్రావల్కర్. ముంబై కుర్రాడు. 2010లో మన దేశం తరఫున అండర్-19 ప్రపంచకప్ ఆడాడు, తర్వాత అమెరికా వెళ్లి కార్నెల్‌లో కంప్యూటర్ సైన్స్ చదివాడు, ఒరాకిల్‌లో ఇంజనీరుగా చేరాడు. పాకిస్తాన్ 13 పరుగుల దగ్గరే ఆగిపోయింది. ఆరు రోజుల తర్వాత న్యూయార్క్‌లో కోహ్లీని తొలి బంతికే పంపించి, రోహిత్‌నూ వెనక్కి పంపాడు. ఆ రాత్రి మన ఇళ్లలో అందరూ అతన్ని మెచ్చుకున్నారు. మెచ్చుకున్న చేత్తోనే ఎంతమంది తమ పిల్లాడి బ్యాటు తీసి అటక మీద పెట్టారో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాలి.

మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల తన 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ క్రికెట్ జట్టు గురించి రాసుకున్నారు. ఒక మ్యాచ్‌లో తన బౌలింగ్ కుదరకపోతే కెప్టెన్ బంతి తీసుకుని వికెట్ పడగొట్టి, మళ్లీ ఆ బంతిని తన చేతికే ఇచ్చాడట. నాయకత్వం అంటే ఏమిటో అక్కడ తెలిసిందని ఆయన చెబుతారు. ఇప్పుడు అమెరికా క్రికెట్ లీగ్‌లో సియాటిల్ జట్టు యజమానుల్లో ఆయన ఒకరు. మన కాలేజీల గోడల నిండా ఆయన ఫోటోలే. ఆయనకు పాఠం నేర్పిన మైదానం మాత్రం ఆ గోడల మధ్య ఎక్కడా కనపడదు.

క్రికెట్ స్కోర్ల వెబ్‌సైట్ క్రిక్‌ఇన్ఫో పుట్టుక కూడా ఇలాంటిదే. 1993లో అమెరికా యూనివర్సిటీల్లో చదువుకుంటూ, పరిశోధనలు చేస్తూ, ఊరి స్కోరు తెలియక అల్లాడిపోయిన కుర్రాళ్లు ఒకరికొకరు టైపు చేసుకుంటూ మొదలుపెట్టిన పని అది. సైమన్ కింగ్ అనే ఇంగ్లిష్ పరిశోధకుడు ఆరంభిస్తే, మన దేశపు విద్యార్థులు తలా ఓ చెయ్యి వేశారు. ఈనాడు అరచేతిలో బంతి బంతికీ స్కోరు చూస్తున్నామంటే, అది ఆట పిచ్చి ఉన్న ప్రోగ్రామర్లు పెట్టిన భిక్ష.

అయితే ఇష్టం ఉన్నంత మాత్రాన ఆట ఉన్నట్టు కాదు. ఆడటానికి చోటు లేని ఇష్టం తెరలోకి దూరింది. పొద్దుపోయేదాకా ఐపీఎల్, మధ్యలో ఫోన్లో జట్లు కట్టి డబ్బులు పెట్టడం. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల మీద నిషేధం తెచ్చేదాకా ఎంతమంది పిల్లల జీతాలు అందులో కరిగిపోయాయో తల్లిదండ్రులకు తెలుసు. వాలీబాల్ ఆడితే చెడిపోతాడన్న ఇంట్లోనే ఇది జరిగింది.

ఒళ్లు చెప్పే లెక్క ఇంకా కఠినం. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు పరీక్షిస్తే, 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. 71 శాతం మందిది ఊబకాయం. 2025లో ఈ పరిశోధన అచ్చయింది. కూర్చుని చేసే ఉద్యోగం, ఒత్తిడి, తిండి, నిద్ర అని నిపుణులు కారణాలు చెప్పారు. కాదనను. కానీ నా దృష్టిలో ఈ జబ్బు ఆఫీసు కుర్చీలో మొదలవలేదు. ఇంటర్ హాస్టల్లో స్టడీ అవర్ బల్ల మీద మొదలైంది.

మన పిల్లాడి దినచర్య ఒక్కసారి గుర్తు చేసుకోండి. తొమ్మిదో తరగతిలో డ్రిల్లు పీరియడ్‌ను లెక్కల మాస్టారు లాక్కుంటారు. పదో తరగతిలో అసలు డ్రిల్లు పీరియడే ఉండదు. ఆ వేసవిలో ట్రంకు పెట్టె, పరుపు చుట్ట తీసుకుని విజయవాడ దగ్గరో గుంటూరు దగ్గరో ఏదో క్యాంపస్‌లో దించి వస్తాం. క్యాంపస్ అంటే నాలుగంతస్తుల భవనం, కిటికీలకు ఇనప జాలీ, కింద బస్సులు నిలిపే జాగా. తెల్లవారుజామున లేపితే రాత్రి పదిన్నర దాకా పుస్తకం ముందే. పదహారు, పదిహేడేళ్లు, ఎముక ముదిరి కండ పట్టే వయసు. సరిగ్గా ఆ రెండేళ్లు ఒళ్లు కదలకుండా కట్టిపడేశాం. తర్వాత నాలుగేళ్ల ఇంజనీరింగ్‌లో మైదానం ఉన్నా అటు పోడు, ఎందుకంటే అలవాటు తప్పింది. ఆపైన ఉద్యోగం. ఆ తర్వాత వాడికి ఆటలంటే ఆసక్తి లేదని మనమే సర్టిఫికెట్ ఇస్తాం.

ఆడపిల్లల సంగతి ఇంకా అన్యాయం. హైస్కూల్లో ఖోఖో కోర్టు మీద మెరుపులా తిరిగిన పిల్లను ఎనిమిదో తరగతి దాటగానే ఇంట్లో కూర్చోబెడతాం. వాళ్లూ కోడింగే చేస్తున్నారు, మగపిల్లలతో సమానంగా చేస్తున్నారు. వాళ్ల ఆట ఇంకో రెండేళ్లు ముందే ఆగిపోయింది, అంతే తేడా.

ఇదే తెలుగు కుటుంబం అమెరికాలో మరోలా ఉంటుంది. 2023 జనవరిలో దక్షిణాఫ్రికాలో అమ్మాయిల అండర్-19 టీ20 ప్రపంచకప్ మొదటిసారి జరిగింది. అందులో అమెరికా జట్టు కెప్టెన్ గీతికా కొడాలి. జట్టులో ముళ్ళపూడి, భద్రిరాజు అనే ఇంటిపేర్లూ ఉన్నాయి. తెనాలి చుట్టుపక్కల వినపడే పేర్లే. అక్కడ మనవాళ్లు శని, ఆదివారాలు పిల్లల్ని ఆటలకు తిప్పడానికే కేటాయిస్తారు. తానా వంటి తెలుగు సంఘాలు క్రికెట్, వాలీబాల్, త్రోబాల్ పోటీలు పెడితే జట్లకు జట్లే వస్తాయి. అక్కడ కాలేజీ సీటుకు ఆట కూడా పనికొస్తుంది గనక ఆడిస్తారు. ఇక్కడ సీటుకు పనికిరాదు గనక మాన్పిస్తాం. అంటే మన లెక్కలో ఆట ఎప్పుడూ ఆట కాదు, సీటు మాత్రమే. పిల్లాడి ఊపిరితిత్తులకు ఏ సీటుతోనూ సంబంధం లేదన్న సంగతి మన బుర్రకెక్కడం లేదు.

పుల్లెల గోపీచంద్ మన బాపట్ల జిల్లా నాగండ్లలో పుట్టారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. అన్న ఐఐటీకి వెళితే, తాను ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష తప్పడమే అదృష్టమైందని ఆయన పలుమార్లు చెప్పారు. అదే గోపీచంద్ 2025 ఫిబ్రవరిలో, ఆస్తిపాస్తులు లేని ఇంటి పిల్లలు ఆటలనే జీవనాధారంగా ఎంచుకోవద్దని అన్నారు. పతకం రాని క్రీడాకారుడికి ఈ దేశంలో భద్రత లేదన్న ఆవేదన అది. మన తల్లిదండ్రులు దాన్ని తమకు కావలసినట్టు విన్నారు. "చూశారా, గోపీచందే వద్దన్నాడు" అని నాతో వాదించినవాళ్లున్నారు. ఆటను ఉద్యోగం చేసుకోవద్దన్నాడయ్యా మహానుభావా, సాయంత్రం గంట ఆడొద్దనలేదు! ఈ రెంటికీ మధ్య ఎంత చోటుందో అదంతా మనం చెరిపేశాం. ఆడితే సింధు అవ్వాలి, లేకపోతే రాకెట్ ముట్టకూడదు. ఇదెక్కడి న్యాయం?

ఇళ్ల సంగతి సరే, ఊళ్ల సంగతికొస్తాను, ఎందుకంటే నా అసలు కడుపుమంట అక్కడే. 2009 విద్యాహక్కు చట్టంలో బడికి ఆటస్థలం ఉండాలని స్పష్టంగా రాశారు. ఆ చట్టం ఎనిమిదో తరగతి దాకానే వర్తిస్తుంది. మన పిల్లల ఆట చచ్చిపోయే ఇంటర్ దాని పరిధిలోనే లేదు. పోనీ, పరిధిలో ఉన్న బళ్లయినా బాగున్నాయా? ఊళ్లో ఏ కట్టడం రావాలన్నా అందరి కన్నూ బడి మైదానం మీదే. నీళ్ల ట్యాంకు అక్కడే, గ్రామ సచివాలయం అక్కడే, ఒకప్పటి రైతు భరోసా కేంద్రం అక్కడే. ప్రభుత్వ బళ్ల ఆవరణల్లో ఇవి కట్టొద్దని హైకోర్టు 2020లోనే చెప్పింది. వినకపోతే 2022 మార్చి 31న ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకు కోర్టు ధిక్కారం కింద రెండు వారాల జైలు శిక్ష వేసి, వాళ్లు క్షమాపణ చెప్పుకున్నాక దాన్ని సంక్షేమ హాస్టళ్లలో సేవగా మార్చింది. పిల్లలు ఆడుకునే జాగా కోసం ఐఏఎస్‌ల మీద ధిక్కారం కేసు నడిచిన రాష్ట్రం మనది. ఆ మరుసటి ఏడు డిసెంబరులో గుంటూరు పక్కనే నల్లపాడులో 'ఆడుదాం ఆంధ్రా' అనే ప్రభుత్వ క్రీడోత్సవం అట్టహాసంగా మొదలైంది. ఎవరి హయాం అయినా సరే, ఉత్సవం పెట్టడం తేలిక. బడికొక డ్రిల్లు మాస్టారిని వేసి, మైదానానికి హద్దురాళ్లు పాతడం కష్టం. నాకు ఉత్సవం వద్దు, హద్దురాళ్లు కావాలి.

కాబట్టి మూడు మాటలు సూటిగా చెబుతాను. ఇంటర్‌లో చేర్చబోయే తల్లిదండ్రులారా, ఫీజు కట్టే ముందు ర్యాంకుల బోర్డు చూడకండి, మైదానం చూపించమనండి. చూపించలేని కాలేజీకి మీ పిల్లాణ్ణి అప్పగించకండి. పంచాయతీ పెద్దల్లారా, ఊరి హైస్కూలు స్థలం సర్వే చేయించి, ఎన్ని సెంట్లు మిగిలిందో గోడ మీద రాయించండి. హైదరాబాద్ నుంచి, అమెరికా నుంచి ఊరి గుడికీ ఆర్చీకీ ఎద్దుల పందేలకూ ధారాళంగా చందాలిచ్చే సాఫ్ట్‌వేర్ తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈసారి ఆ డబ్బు ఒక డ్రిల్లు మాస్టారి జీతానికి ఇవ్వండి. అమ్మాయిలకూ అబ్బాయిలకూ వేర్వేరుగా రెండు కోర్టులు వేయించండి. మీ దగ్గర లాక్కున్నది మీ తర్వాతవాళ్ల దగ్గర లాక్కోకుండా కాపలా కాసే స్థోమత ఊళ్లో ఇవాళ ఎవరికన్నా ఉంటే అది మీకే ఉంది.