వ్రతమా, వ్యవసాయమా?

శరీరపు బరువు తగ్గించుకొనవలెనని సంకల్పించినవారు నేడు గుంటూరు, ఒంగోలు, నరసరావుపేట, చిలకలూరిపేటలలో వీథి వీథికిని కనిపించుదురు. తెల్లవారక మునుపే పాఠశాల మైదానములలో వేగముగా నడచువారు వారే; పెండ్లి పంక్తిలో రెండవమారు అన్నము రాగా విస్తరిపై చేయి అడ్డము పెట్టువారును వారే. సంకల్పించుట కష్టము కాదు. మూడు వారములు దానిని నిలుపుకొనుటయు అంత కష్టము కాదు. నాలుగవ వారమున బంధువుల ఇంట గృహప్రవేశము వచ్చును. నేతితో తడిసిన బొబ్బట్లు, పులిహోర, గోంగూర పచ్చడి వరుసగా వడ్డనకు వచ్చును. ఒక పూట నియమము తప్పును. మరునాటి ఉదయము బరువు చూచుకొన్నచో కిలోన్నర పెరిగియుండును. “ఇన్నాళ్ల శ్రమయు బూడిదలో పోసిన పన్నీరైనది” అని నిట్టూర్చి, ఆ సాయంకాలమే మిరపకాయ బజ్జీల బండివద్ద నిలుతురు.

వారిని ఓడించినది గృహప్రవేశపు విందు కాదు, మరునాటి నిట్టూర్పు. విందు ఒక పూటతో ముగిసెను. నిట్టూర్పు మాత్రము ఆరునెలల పాటు నిలిచి, తగ్గిన మూడు కిలోలకు బదులు అయిదు కిలోలు తెచ్చిపెట్టును.

ఈ సీమలో బరువు పెరుగుటకు తిండిపోతుతనమొక్కటే కారణమనుట అన్యాయము. పల్నాటి జొన్నకూటిని గూర్చి శ్రీనాథుడు విసుగుతో చెప్పినవని ప్రసిద్ధి గన్న చాటువులు తెలుగు విద్యార్థులెరిగినవే. ఆ మెట్టనేలల వైపునకు 1967 ఆగస్టులో నాగార్జునసాగరు కుడికాలువ నీరు విడుదలైనది. వరి వచ్చెను, జొన్న, సజ్జ, కొర్ర క్రమముగా విస్తరినుండి తొలగెను. కవిసార్వభౌముడు వాపోయిన లోటు తీరినది గాని, కాలక్రమమున నాగలి వెనుక నడక, రోకటి పోటు, నీటిబిందెల మోతయు తగ్గినవి. అన్నము పెరిగి, శ్రమ తరిగినది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15-49 ఏండ్ల స్త్రీలలో మూడవ వంతునకు మించినవారు అధిక బరువు గలవారు. చక్కెరవ్యాధి, రక్తపుపోటు ఈ బరువు వెంట నడచు నీడలు. కావున సంకల్పము వేడుక కొరకు చేసినది కాదు. అది నడుమ చెడిపోవుటయు నవ్వి విడువదగినది కాదు.

మొదట లెక్క చూడవలెను. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి యుండును. విందులో మామూలుకంటె 1,000 కేలరీలు అధికముగా తిన్నను, దానివలన పేరుకొనగల కొవ్వు దాదాపు 130 గ్రాములు మాత్రమే. మరి కిలోన్నర ఎక్కడనుండి వచ్చినది? పచ్చళ్లలోని ఉప్పు శరీరమున నీటిని నిలిపియుంచును. అన్నమునుండియు తీపినుండియు వచ్చిన పిండిపదార్థము కొంత గ్లైకోజన్ అను రూపమున నిలువయగును. అది ఒక్కొక్క గ్రామునకు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకొనియుండును. ఇంకను జీర్ణము కాని ఆహారపు బరువు వేరుగా కలదు. మామూలు భోజనమునకు మరలినచో కొలది దినములలోనే ఈ నీరు దిగిపోవును. నీటిని కొవ్వని భ్రమించి సంకల్పమును విడుచుట, వానకు తడిసిన మిరప బస్తా బరువు చూచి దిగుబడి పెరిగినదనుకొనుట వంటిది.

లెక్క ఇంత తేలికైనను మనస్సు ఏల క్రుంగును? 1975లో హెర్మన్, మాక్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు కళాశాల విద్యార్థినులపై ఒక ప్రయోగమును ప్రకటించిరి. కొందరికి ముందుగా మిల్క్‌షేక్ త్రాగించి, పిమ్మట ఐస్‌క్రీము రుచి చూచి చెప్పుడనిరి. ఆహారనియమము లేనివారు, కడుపు నిండియున్నందున, తక్కువ తినిరి. నియమము పాటించువారు మాత్రము, మిల్క్‌షేక్ త్రాగిన పిదప, త్రాగనివారికంటె ఎక్కువ తినిరి. “ఎట్లును నియమము చెడినది గదా, ఇక అడ్డమేమి?” అను తలంపే దీనికి కారణమని శాస్త్రజ్ఞులు వివరించిరి. ఆకలి కాదు, ఈ తలంపే తినిపించినది.

మన యిండ్లలో ఈ తలంపునకు వ్రతమను రూపము కలదు. ఏకాదశినాడు ఒక్క మెతుకు నోట పడినను ఉపవాసము పోయినదనుకొందురు. బరువు తగ్గుటను గూడ అట్టి వ్రతముగనే భావించి, ఒక బొబ్బట్టుతో భంగమైనదని తీర్మానింతురు. కాని వ్రతమునైనను మన పెద్దలు ఇంత కఠినముగా చూడలేదు. ప్రతి పూజయు మంత్రమునందు, క్రియయందు, భక్తియందు జరిగిన లోపములకు క్షమాపణ వేడుకొనుటతో ముగియును. లోపము జరుగునని విధించినవారే ముందుగా ఊహించిరి. జరిగినంత మాత్రమున పూజ వ్యర్థమని వారనలేదు.

అయినను ఈ కార్యమునకు వ్రతముకంటె వ్యవసాయమే సరియైన పోలిక. 1980వ దశకమున గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తిచేలపై తెల్లదోమ విరుచుకొనిపడెను. భయపడిన రైతులు మందుపై మందు చల్లిరి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను విచక్షణ లేక వాడుటవలన పురుగులను తిను మిత్రకీటకములు నశించెను. తెల్లదోమ మరింత హెచ్చెను. 1987-88 నాటికి శనగపచ్చపురుగు మందులకు లొంగక, అప్పుల భారము మోయలేక కొందరు రైతులు ప్రాణములనే తీసికొనిరి. ఆ దుఃఖము ముందు శరీరపు బరువు మాట చిన్నది. కాని అంత వెల పెట్టి ఈ నేల నేర్చిన పాఠమును మరచుట తగదు: తెగులుకంటె భయముతో చేసిన చికిత్స ఎక్కువ నష్టము తెచ్చును.

విందు మరునాడు శిక్షగా నిరాహారముగా ఉండువారు చేయునది ఇట్టి చికిత్సయే. సాయంకాలమునకు ఆకలి పదింతలై, రాత్రికి మరల నియమము తప్పును. అప్పుడు శిక్ష ఇంకను పెద్దది చేయుదురు, పతనమును పెద్దదగును. ఆ దినమున చేయవలసినది ఒక్కటే. ప్రతిదినము తిను ఉపాహారమునే తిని, ప్రతిదినము నడచు దూరమునే నడచుట.

“లోపమును క్షమించినచో అలసత్వము పెరుగదా?” అని కొందరు శంకింతురు. శంక న్యాయమైనదే. కాని రైతు తెగులును క్షమింపడు, దానిని పరిశీలించును. చేను కలయదిరిగి, ఏ మూల మొదలైనది, ఏల మొదలైనది అని చూచును. 2021లో మిరపతోటలపై నల్ల తామరపురుగు పడినప్పుడు అనేకులు తోటలు పీకివేయవలసివచ్చెను. వారిలో కొందరు ఆ నేలలోనే వేరొక పైరు వేసిరి. నేలను మాత్రము విడువలేదు. మిరప పలుమార్లు కోతకు వచ్చు పైరు. ఒక కోత చెడినంత మాత్రమున తోట చెడినదని ఎవరును అనరు. నియమము తప్పినవారును ఇట్లే విచారింపవలెను. మధ్యాహ్నము సరిగా తినకపోవుటవలన బడి విడిచిన వేళ బజ్జీలబండి పిలిచినదా? నిద్ర చాలలేదా? ఇంటివారి మాట కాదనలేకపోయిరా? కారణము తెలిసినచో మరియొక మారు ఆ మూలను కాపాడుకొనవచ్చును.

అలవాట్లు ఎట్లు నాటుకొనునో 2010లో లండనులోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకురాలు ఫిలిప్పా లాలీ బృందము ప్రకటించినది. క్రొత్త పని అలవాటగుటకు మధ్యస్థముగా 66 దినములు పట్టినవి. కొందరికి 18, కొందరికి 254 వరకును పట్టునని అంచనా వేసిరి. నడుమ ఒకనాడు తప్పినను అలవాటు పడుటకు చెప్పదగిన ఆటంకము కలుగలేదని కూడ వారు తేల్చిరి. అలసత్వము ఒక తప్పువలన పుట్టదు. తప్పిన పిదప మరల మొదలిడకపోవుటవలన పుట్టును.

ఈ మాట ఉపాధ్యాయులు తరగతి గదికి కూడ తీసికొనిపోవలెను. లావుగా నున్న బాలికను తోటివారు పరిహసించినప్పుడు మౌనముగా ఉండుటయు, తామే చమత్కారముగా ఒక మాట అనుటయు, ఆమెచేత మధ్యాహ్నపు అన్నము మాన్పించును. ఎదుగు వయసున పస్తు మందు కాదు. ఆటకు ఒక గంట, అవసరమైనచో వైద్యుని సలహా, అన్నింటికంటె ముందు పరువు దక్కించు ఒక మాట, ఇవి ఆమెకు కావలెను.

లెక్క తప్పిన విద్యార్థిని పుస్తకము చించివేయుమని ఏ ఉపాధ్యాయుడును చెప్పడు. ఎక్కడ తప్పినదో చూపి, అక్కడనుండి మరల చేయుమనును. ఆ ఓర్పును ఆయన తన శరీరము విషయమునను చూపవచ్చును. అందుకు క్రొత్త సంవత్సరము గాని, సోమవారము గాని రానక్కరలేదు. రాబోవు పూట భోజనము చాలును.