వేగం తగ్గితే వేయి మాటలా?

మనిషి పైకి వెళుతున్నప్పుడు చప్పట్లు కొట్టిన చేతులే, అతను కిందికి జారుతున్నప్పుడు వేలెత్తి చూపుతాయి. నిన్నటిదాకా మొదటి వరుసలో ఉన్నవాడు ఇవాళ వెనకబడితే, 'ఏమైంది బాబూ?' అని దగ్గరకు వెళ్లి అడిగేవారు కొందరే. 'ఇందులో ఏదో ఉంది' అని దూరం నుంచే తేల్చేసేవారు అనేకులు. దీన్నే మన ఇళ్లలో బద్‌గుమానీ అంటారు. అనుమానం పెనుభూతం అని తెలుగు సామెత. ఆ భూతం ఒక మనిషిని ఎలా వెంటాడుతుందో తెలుసుకోవడానికి బ్రిటన్‌కు చెందిన సైకిల్ పందేల క్రీడాకారుడు మార్క్ కావెండిష్ జీవితం చూస్తే చాలు.

టూర్ డి ఫ్రాన్స్ అనేది సుమారు మూడు వారాల్లో 21 దశలుగా, మూడువేల కిలోమీటర్లకు పైగా సాగే సైకిల్ పందెం. కావెండిష్‌ది దశ చివర గుంపులోంచి బాణంలా దూసుకుపోయే విద్య. 2011లో ఆయన ప్రపంచ చాంపియన్ అయ్యారు. 2016 నాటికి ఈ పందెంలో 30 దశలు గెలిచారు. బెల్జియం క్రీడాకారుడు ఎడీ మెర్క్స్ 1969-75 మధ్య నెలకొల్పిన 34 విజయాల రికార్డు ఇక నాలుగు విజయాల దూరంలోనే ఉందని అందరూ అనుకున్నారు. అక్కడే బండి ఆగిపోయింది.

2018 ఫిబ్రవరిలో దుబాయి పందెంలో ఒక దశ గెలిచాక, మూడేళ్లకు పైగా ఆయనకు ఒక్క విజయమూ దక్కలేదు. 2018 టూర్ డి ఫ్రాన్స్‌లో ఒక పర్వత దశలో, మొదట వచ్చినవారికంటే గంటకుపైగా వెనకబడ్డారు. గడువు దాటిపోయిందని తెలిసినా దారిలో దిగిపోకుండా ఒంటరిగా గమ్యం చేరారు. నిబంధన ప్రకారం పందెంనుంచి తొలగించారు. 2019లోనూ, 2020లోనూ ఆ పందెంలో ఆయనకు చోటే దొరకలేదు. అంతే, మాటలు మొదలయ్యాయి. పని అయిపోయిందన్నారు. వయసు మీదపడిందన్నారు. ఇలాంటి వేళల్లో డబ్బు వచ్చాక ఆకలి తగ్గిందనే నోళ్లకూ, సాధన మానేశాడనే నోళ్లకూ ఏ దేశంలోనూ కొదవ ఉండదు.

అసలు సంగతి ఏమిటి? ఆయన ఒంట్లో ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ సోకినట్టు 2017లో వైద్యులు గుర్తించారు. లాలాజలం ద్వారా వ్యాపించే ఈ వైరస్ పెద్దవాళ్లలో చాలామంది ఒంట్లో ఏదో ఒక కాలంలో చేరినదే. చాలామందికి అది వచ్చిందనే తెలియదు. కొందరిలో మాత్రం జ్వరం, గొంతునొప్పి తగ్గినా, నీరసం వారాలు, నెలల తరబడి వదలదు. దీనికి విశ్రాంతే ప్రధాన చికిత్స. కానీ జీవనోపాధే సైకిల్ తొక్కడమైనవాడికి విశ్రాంతి అంటే సంపాదన ఆగడం, చోటు పోవడం. 2018 ఆగస్టులో అదే జబ్బు తిరగబెట్టిందని ప్రకటించారు. అదే నెలలో ఆయనకు మానసిక కుంగుబాటు కూడా ఉన్నట్టు వైద్యులు నిర్ధారించారు. ఆ రెండో మాట లోకానికి తెలిసింది 2020లో, ఆయనే నోరు విప్పినప్పుడు.

ఆలోచించండి. కాలు విరిగితే కట్టు కనబడుతుంది. రక్తంలోని వైరస్‌కు కట్టు ఉండదు. మనసులోని కుంగుబాటుకు అసలే ఉండదు. కనబడని రోగాన్ని లోకం రోగమని ఒప్పుకోదు. దానికి సోమరితనమనో, నటన అనో, పొగరనో పేరు పెడుతుంది.

సైకిల్ పందేల విషయంలో అనుమానానికి కారణం లేదా అని కొందరు అడగవచ్చు. ఉంది. 1999 నుంచి 2005 వరకు వరుసగా ఏడుసార్లు టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన అమెరికా క్రీడాకారుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్, నిషిద్ధ మందులు వాడినట్టు తేలడంతో 2012లో ఆ విజయాలన్నీ కోల్పోయారు. 2013లో తప్పు ఒప్పుకున్నారు. అందుకే ఈ క్రీడలో ఎవరైనా వేగంగా వెళితే 'మందు తీసుకున్నాడు' అనడం, నెమ్మదిస్తే 'మందు మానేశాడు' అనడం అలవాటైపోయింది. ఎటు తిరిగినా నిందే. మరి నిజాయితీగా తొక్కేవాడు ఎక్కడికి పోవాలి?

ఇక్కడొక తేడాను గట్టిగా పట్టుకోవాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ మోసాన్ని బయటపెట్టింది గుసగుసలు కావు. ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పిన మనుషులు, ఆధారాలు సేకరించిన విచారణ. క్రీడాకారుల రక్తపరీక్షల ఫలితాలను ఏళ్ల తరబడి పోల్చిచూసే పద్ధతి కూడా ఈ క్రీడలో 2008 నుంచి ఉంది. తప్పు జరిగిందనుకుంటే విచారణ కోరడం న్యాయం. ఆధారం లేకుండా వీధిలో తీర్పు చెప్పడం అన్యాయం. మొదటిది సత్యాన్ని వెతుకుతుంది. రెండోది మనిషి పరువును కొరుక్కు తింటుంది.

2020 అక్టోబరులో బెల్జియంలో ఒక పందెం ముగిశాక, బహుశా ఇదే నా చివరి పందెమంటూ కావెండిష్ కెమెరా ముందే కన్నీరు పెట్టుకున్నారు. తర్వాత ఆయన పాత జట్టు తక్కువ జీతానికి మళ్లీ చేర్చుకుంది. 2021 టూర్‌లో ఆ జట్టు తరఫున పాల్గొనవలసిన ఐర్లాండ్ క్రీడాకారుడు శామ్ బెనెట్ మోకాలి నొప్పితో తప్పుకోగా ఆ చోటు కావెండిష్‌కు దక్కింది. ఆ ఏడాది నాలుగు దశలు గెలిచి, జూలై 9న కార్కసోన్ పట్టణంలో 34 విజయాల రికార్డును అందుకున్నారు.

విచిత్రమేమంటే, ఒకరిని నమ్మిన చోటనే ఇంకొకరిపై అనుమానం పుట్టింది. బెనెట్‌ది నిజంగా మోకాలి నొప్పేనా, ఓటమి భయమా అని జట్టు అధిపతి పాట్రిక్ లెఫెవర్ పత్రికల ముందే సందేహం వెలిబుచ్చారు. బెనెట్ ఆ ఏడాది చివర జట్టు వదిలి వెళ్లి, 2022లో స్పెయిన్ పందెంలో రెండు దశలు గెలిచారు. పక్కవాడి నొప్పి మన ఒంట్లో లేదు గనుక అది లేదనుకోవడం ఎంత తేలికో చూడండి!

కావెండిష్ 2023లో పడి జత్రుక విరగ్గొట్టుకున్నారు. అయినా మళ్లీ వచ్చి, 2024 జూలై 3న, 39 ఏళ్ల వయసులో 35వ విజయం సాధించారు. మెర్క్స్ రికార్డు దాటింది. వేలెత్తినవాళ్లు చప్పట్లు కొట్టారు.

అయితే ఈ కథను 'చివరికి గెలిచాడు గనుక మంచివాడే' అని అర్థం చేసుకుంటే మనం ఏమీ నేర్చుకోనట్టే. ఆయన తిరిగి గెలవకపోయినా ఆ వైరస్ నిజమే, ఆ కుంగుబాటు నిజమే. గెలుపు రుజువుగా చూపిస్తేనే మనిషి మాట నమ్ముతామంటే, జబ్బుపడి మళ్లీ లేవలేని వేలమంది జీవితాంతం దోషులుగానే మిగిలిపోవాలా?

ఈ పందెం మన ఇళ్లలోనూ జరుగుతోంది. బాగా చదివే పిల్లవాడికి మార్కులు తగ్గితే 'స్నేహాలు చెడ్డవి' అంటాం. చురుకైన కోడలు నెమ్మదిస్తే 'పని ఎగ్గొడుతోంది' అంటాం. దుకాణంలో నమ్మకంగా పనిచేసే కుర్రాడు చతికిలబడితే 'వేరే చోటు చూసుకుంటున్నాడు' అంటాం. రక్తపరీక్ష చేయించామా? పక్కన కూర్చుని 'ఒంట్లో ఎలా ఉంది, మనసులో ఏముంది' అని అడిగామా?

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఈ వారం మీ ఇంట్లో, మీ వీధిలో వేగం తగ్గినవారు ఎవరైనా కనబడితే, వారి గురించి పదిమందితో మాట్లాడే ముందు వారితో ఒక్కసారి మాట్లాడండి. జవాబు వెంటనే రాకపోతే కాస్త సబర్ చేయండి. కావెండిష్ జవాబు చెప్పడానికి రెండేళ్లు పట్టింది.