కొవ్వెవరిది?

కొవ్వు తీసిన మాంసం తినాలని డాక్టర్లు చెప్తున్నారు, పేపర్లు రాస్తున్నాయి. మంచిదే. కానీ ఆ జాబితాల్లో కోడి ఉంటది, చేప ఉంటది, పెద్దకూర ఉండదు. వీళ్ల లెక్కలో పెద్దకూర తినేటోళ్లు దొరికింది తినేటోళ్లే గానీ ఎంచుకునేటోళ్లు కాదు.

మా తాతలకు ఎంచుకునే వీలు లేకుండె, నిజమే. దొర దొడ్లో ఎద్దు చస్తే మోసుకపోవుడు వెట్టి, ఆ కూరే కూలి. బతుకంతా అరక గుంజి, గడ్డి చాలక చచ్చిన ఎద్దుకు కొవ్వెక్కడిది? నరాలు, బొక్కలే. పూటంతా ఉడకబెట్టేటోళ్లు. మిగిలింది తునకలు కోసి దండెం మీద ఎండబెట్టేటోళ్లు. అది తిన్నోళ్లు కూలి పెంచమంటే 'మాదిగోళ్లకు కొవ్వెక్కింది' అన్నరు.

చచ్చిన గొడ్డును తినుడు మానమని అంబేద్కర్ 1927లో మహాడ్‌లో చెప్పిండు. ఇంకోడు పారేసింది మనకొద్దన్నడు. నేను పారేసింది తింటలేను. అంగట్ల పైసలిచ్చి కొంటున్న. తొడ కండ, నడుం కండ అడుగుత. రొమ్ము మీద, పక్కబొక్కల మీద కొవ్వెక్కువ. అంచుకున్న తెల్ల కొవ్వు కోసెయ్యమంట. పోగుకు అడ్డంగా కోసి సన్నమంట మీద ఉడికిస్తే ముదురు కండైనా మెత్తబడ్తది. బర్రె మాంసమైతే కొవ్వు ఇంకా తక్కువ.

అయినా నా ఎంపిక ఎంతవరకు? 1977 చట్టం ఆవును కొయ్యొద్దన్నది. ఎద్దును, దున్నను దుక్కికీ ఈతకూ పనికిరాదని సర్టిఫికెట్ ఇస్తేనే కొయ్యాలన్నది. అంటే ఒకప్పుడు దొర వాడుకొని వదిలిన గొడ్డు, ఇప్పుడు సర్కారు పనికిరాదన్న గొడ్డు. లేత కండ మా గిన్నెలకు రాకుండ చట్టమే కాపలా.

ఇగ మనోళ్లతోటి ఒక మాట. మన ఇండ్లల్ల కండ మొగోళ్ల పళ్లెంలనే పడ్తది. అవ్వకు, చెల్లెకు బొక్కలు, శేర్వా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత అని తేలింది. ఆకుకూరల ఇనుము కంటే ఎర్ర కండలోని ఇనుము ఒంటికి బాగా పడ్తది. అది ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లకే అందకపోతే, మన ఇంట్ల దొర ఎవరు?

పోషకాహారం పాఠం చెప్పేటప్పుడు నల్లబల్ల మీద గుడ్డు, పప్పు, పాలు రాసి, పక్కనే పెద్దకూర అని రాస్త. 'పిల్లల ముందు అదేం మాట సారూ' అంటరు తోటి సార్లు. ఆ పిల్లలు తినేదే కదా! 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే రాళ్లు రువ్విన్రు. చచ్చింది మోస్తే ఊరుకున్నోళ్లు, నచ్చింది తింటే ఊరుకుంటలేరు.

చదువుకునే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! కండ మంచిది చూసి తెచ్చుకోండి, పేరు పెట్టి అడగండి, ఇంట్ల అందరికీ సమంగా పెట్టండి. మా కూరల కొవ్వు మేం తీసేసుకుంటం. కులం కొవ్వు వాళ్లనే కరిగించుకోమనండి.