మా గల్లీకి మీరొస్తారు, మీ వీధికి మేం రావచ్చా?

ఈమధ్య హైదరాబాద్‌లో కొత్త మోజొకటి పుట్టింది. చార్మినార్ ముందు నిలబడి ఫోటో దిగడం, లాడ్ బజార్‌లో గాజులు కొనుక్కుని వెనక్కి పోవడం పాతపడిపోయిందట. ఇప్పుడు పాతబస్తీలో 'లోకల్‌గా' ఉండాలట. మొఘల్‌పురాలోనో శాలిబండలోనో ఎవరింట్లోనో రెండు రాత్రులు పడుకోవాలి. ఫజర్ అజాకి మేలుకోవాలి. వీధి చివర హోటల్లో నహారీ కుల్చా తినాలి. సాసర్లో పోసుకుని ఛాయ్ తాగాలి. ఆ తర్వాత, ఎవరూ పట్టించుకోని అసలైన నగరాన్ని తాము కనిపెట్టామని పదిమందికీ చెప్పుకోవాలి.

రండి. వద్దనేవాళ్లెవరు? మెహమాన్‌ని గడప బయట నిలబెట్టే అలవాటు పాతబస్తీకి లేదు. నా పేచీ మీ రాకతో కాదు, ఆ 'లోకల్' అనే మాటతో. మీరు రెండ్రోజులు తొడుక్కుని విప్పేసే చొక్కా అది. మాకది చర్మం. దాంతోనే బస్సెక్కాలి, దాంతోనే ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాలి, దాంతోనే పోలీసుల ముందు నిలబడాలి. విప్పగలిగినవాడికీ విప్పలేనివాడికీ ఒకే పేరు పెట్టడం న్యాయమా?

నేను పాతబస్తీలో పుట్టినవాణ్ణి కాను. మాది నర్సీపట్నం దగ్గర రావికమతం. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. చెరకు తోటలు, బెల్లం వంటలు, కళ్యాణపులోవ నీళ్లు తెలిసినవాణ్ణి. మా అమ్మీ దువా ఉర్దూలో చేసేది, సంతలో బేరం మాత్రం ఉత్తరాంధ్ర తెలుగులో ఆడేది. రెండూ మా ఇంటి భాషలే. ఏది ముందు నేర్చుకున్నానో నాకే తెలీదు. మా ఊరికీ చార్మినార్‌కీ మధ్య అయిదొందల కిలోమీటర్ల పైనే దూరం. అయినా బి.ఏ. పూర్తిచేసి పత్రికలో పని వెతుక్కుంటూ హైదరాబాద్‌లో దిగిన రోజునుంచీ అందరూ అడిగిందొకటే: "మీది పాతబస్తీయేనా?" కాదు, రావికమతం అంటే, "అయితే మీ తెలుగు అందుకే అంత బాగుంది" అని మెచ్చుకున్నారు. నా భాష నేను మాట్లాడితే మెచ్చుకోలేమిటి? పక్క కుర్చీలోని శర్మగారిని ఎవరూ అలా మెచ్చుకున్నట్టు నేను చూడలేదు.

ఇంటికోసం తిరిగాను. ఫోన్లో నా తెలుగు విని "రండి బాబూ, వచ్చి చూసుకోండి" అన్న ఇంటాయన, ఎదురుగా నా పేరు విన్నాక చూపు తిప్పుకున్నాడు. ఒకరింట్లో "మాది శాకాహారమండీ" అన్నారు. మరొకరింట్లో అబ్బాయి ఆ నెలలోనే అమెరికానుంచి వచ్చేస్తున్నాడన్నారు. ఇంకొకాయన ఇప్పుడే అడ్వాన్సు తీసుకున్నానన్నాడు. ఆ ఇంటి గేటుకి టులెట్ బోర్డు మరో నెల వేలాడింది. ఎవరూ నన్ను తిట్టలేదు. ఎవరూ మతం మాట ఎత్తలేదు. మర్యాదకేం లోటు రాలేదు, ఇల్లొక్కటే రాలేదు. చివరికి తాలాబ్‌కట్టాలో రెండు గదులు దొరికాయి. పాతబస్తీని నేను ఎంచుకోలేదు. మూసీకి ఉత్తరాన మూసుకున్న తలుపులే నన్ను దక్షిణానికి తోశాయి. ఇక్కడికొచ్చాక నా ఉర్దూ విని కిరాణా కొట్టు భాయ్ "ఆంధ్రావాలే క్యా?" అని నవ్వాడు. నవ్వినా ఉప్పూ పప్పూ అప్పిచ్చాడు. అక్కడ తురకని, ఇక్కడ ఆంధ్రావాణ్ణి. ఇన్నేళ్లుగా నేను 'లోకల్‌గా' ఉన్న తీరు ఇదీ.

'ఎవరూ పట్టించుకోని పేట' అంటున్నారు. ఈ మాట కూడా కొంచెం నిదానంగా చూద్దాం. పోలీసులు పట్టించుకుంటున్నారు. కార్డన్ సెర్చ్ పేరుతో చీకట్లో గల్లీ నాలుగు కొసలూ మూసి, తలుపు తట్టి, గుర్తింపు కార్డులూ బండి కాగితాలూ అడుగుతున్నారు. ఎన్నికలొస్తే అన్ని పార్టీలూ పట్టించుకుంటున్నాయి. రంజాన్ వస్తే తిండి ప్రియులు పట్టించుకుంటున్నారు. పట్టించుకోనిది ఖర్చు పెట్టాల్సిన చేయి మాత్రమే. మెట్రో రైలు 2017 నవంబరులో మొదలైంది. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా రావలసిన లైను 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా వచ్చి, మూసీ ఒడ్డున ఆగిపోయింది. మిగిలింది అయిదున్నర కిలోమీటర్లు. దాన్ని చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు చేసి 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. ఫలక్‌నుమా కొండమీది ప్యాలెస్ మాత్రం 2010 నుంచే స్టార్ హోటల్. కొండమీదికి అతిథి రావడానికి అడ్డులేదు, కొండకింది పిల్ల కాలేజీకి పోవడానికే పట్టాలు దొరకలేదు.

అసలు ఇది 'పాత' బస్తీ ఎప్పుడైంది? 1591లో కట్టినప్పుడు హైదరాబాద్ అంటే ఇదే. 1908 సెప్టెంబరు మూసీ వరదల తర్వాత కలిగినవాళ్లు ఉత్తరానికి జరగడం పెరిగింది. ఆఖరి నిజామే చౌమహల్లాకి మారకుండా కింగ్ కోఠీలో కాపురం ఉన్నాడు. రాజే నది దాటాక రాజ్యం ఆగుతుందా? 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. ఆ తర్వాత జిల్లాల్లో జరిగిన ఊచకోతల్లో 27 వేలనుంచి 40 వేలమంది దాకా చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ప్రాణాలు దక్కించుకుని పల్లెలు వదిలి వచ్చినవాళ్లకి ఈ గల్లీలే గతి అయ్యాయి. 1949లో జాగీర్దారీ రద్దయింది. జాగీర్దారు పోతే ఏడవాల్సిన పని లేదు. కానీ అతని దేవిడీలో వంటచేసినవాడూ, గుర్రం తోమినవాడూ, పద్దు రాసినవాడూ వీధినపడ్డారు. ఉర్దూ కొలువులు పోయాయి. వాళ్ల మనవలే ఇప్పుడు ఆటోలు తోలుతున్నారు, పంక్చర్లు వేస్తున్నారు, గల్ఫ్ వీసాకోసం ఇల్లు తాకట్టు పెడుతున్నారు. 1981లో కులీ కుతుబ్ షా పేరు పెట్టి ఈ బస్తీకోసం ఒక అభివృద్ధి సంస్థ పుట్టింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేచాయి. ఏది ఎంత ఎత్తు పెరిగిందో మీకే తెలుసు.

మరి లోకల్‌గా ఉండటమంటే 2007 మే 18 కూడా మీ లెక్కలో ఉండాలి కదా? ఆ శుక్రవారం మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిదిమంది చనిపోయారు. తర్వాత పోలీసు కాల్పుల్లో మరో అయిదుగురు. చచ్చింది ముస్లిములు, అనుమానితులూ ముస్లిములే. పదుల సంఖ్యలో కుర్రాళ్లను పట్టుకెళ్లారు. చిత్రహింసలు పెట్టారని వాళ్లు చెప్పారు. కోర్టులు వాళ్లని నిర్దోషులన్నాయి. ప్రభుత్వం కొంత పరిహారం ఇస్తే, అది చెల్లదని 2013లో హైకోర్టు కొట్టేసింది. ఎన్.ఐ.ఏ. వేరే నిందితులని బోనెక్కించింది, 2018 ఏప్రిల్‌లో వాళ్లూ నిర్దోషులుగా బయటికొచ్చారు. మరి ఆ బాంబు ఎవరు పెట్టినట్టు? మీరు మసీదు మెట్లమీద పావురాలకి గింజలు చల్లుతున్నప్పుడు ఈ ప్రశ్న మీ కాళ్లకి తగలదు. ఇక్కడివాడికి తగులుతూనే ఉంటుంది.

లాడ్ బజార్ లక్క గాజుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా నర్సీపట్నం వైపు ఏటికొప్పాక లక్క బొమ్మలకి అంతకుముందే, 2017లో వచ్చింది. లక్క చేసుకున్న అదృష్టం! ఫలానా ఊరి గాజు అని చట్టం ఒప్పుకుంది. ఆ గాజుని బొగ్గుల కుంపటిమీద కాచి, వంచి, ఒక్కో అద్దపు ముక్కనీ వేలితో అతికించే మనిషి మాత్రం, తాను ఫలానా ఊరివాడినని ఇంకా రుజువు చేసుకుంటూనే ఉన్నాడు. రాజేంద్రనగర్‌లోనో కూకట్‌పల్లిలోనో తన పేరుతో అద్దెకిల్లు అడిగితే అతని హైదరాబాదీతనం ఏ సర్టిఫికెట్ చూపిస్తే చెల్లుతుంది? వస్తువుకి ఊరుంది. చేసినవాడికి బస్తీ ఒక్కటే ఉంది.

ఇది హైదరాబాద్ ఒక్కదానికే పట్టిన జబ్బు అనడం లేదు. 1992-93 అల్లర్ల తర్వాత బొంబాయి ముస్లిములు ముంబ్రాకి చేరారు. అహ్మదాబాద్‌లో అల్లరి జరిగిన ప్రతిసారీ జుహాపురా పెరిగింది. ఇల్లు కొనబోయినా అద్దెకడిగినా ముస్లిములకి దొరకడం లేదని, భయంవల్ల ఒక్కచోట ముడుచుకుపోతున్నారని 2006లో సచార్ కమిటీ రాసింది. 'ఘెట్టో' అనే మాట వెనిస్ నగరానిది. 1516లో అక్కడి యూదుల్ని ఒక్క పేటలో పెట్టి, రాత్రయితే గేట్లు వేసేవాళ్లు. ఆ పేట ఇవాళ యాత్రాస్థలం. జనం డబ్బిచ్చి బస చేస్తున్నారు. గేట్లు తీశాక వెళ్లి చూడటంలో తప్పులేదు. మా గేట్లు ఇంకా వేసే ఉన్నాయి. మీకు కనిపించకపోవడానికి కారణం, అవి మీవైపునుంచి లోపలికి తెరుచుకుంటాయి, మావైపునుంచి బయటికి తెరుచుకోవు.

సెక్యులర్ మిత్రుడా, ఈ మాట నీతోనే. హిందూత్వవాది నన్ను పరాయివాడంటాడు, అతనితో నా లెక్క సూటిగా ఉంది. నీతోనే చిక్కు. నీకు గజల్ ఇష్టం, ఖుబానీ కా మీఠా ఇష్టం, మా తహజీబ్ అంటే ప్రాణం. మొహర్రం నాడు దబీర్‌పురాలో బీబీ కా ఆలం చూడటానికి కెమెరాతో వస్తావు. కానీ మీ అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులో 'వాళ్లకి ఇవ్వొద్దు' అని తీర్మానం లేకుండానే తీర్మానమైపోతున్నప్పుడు నువ్వెక్కడున్నావు? పాతబస్తీని ప్రేమించడం తేలిక. పాతబస్తీ మనిషి పక్కింటివాడు కావడాన్ని ఒప్పుకోవడంలోనే సెక్యులరిజం తేలుతుంది. వెయ్యి ముషాయిరాలకి వచ్చి చప్పట్లు కొట్టేకంటే, ఒక్క టులెట్ బోర్డు దగ్గర నిలబడి "పేరేదైతేనేం, ఇవ్వండి" అని పోట్లాడితే నాకు ఎక్కువ మేలు చేసినట్టు.

మనవాళ్లకీ ఒక మాట చెప్పాలి. 1984 నుంచీ హైదరాబాద్ లోక్‌సభ సీటు ఒకే కుటుంబం చేతిలో ఉంది. మెజారిటీ మతోన్మాదం పెరిగినప్పుడు గొంతెత్తినందుకు కాదనను. అయితే జనం ఒక్కచోట ముడుచుకుని ఉంటేనే ఓట్ల కట్ట కదలకుండా ఉంటుందని తెలిసిన నాయకుడికి ఆ జనం నగరమంతా పరుచుకోవాలని ఎందుకుంటుంది? మెట్రో దారి మార్చాలని పేచీ పెట్టినవాళ్లలో మన నాయకులూ ఉన్నారు. బయటివాడు గేటు వేస్తే లోపలివాడు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. కౌమ్ పేరు చెప్పి మన పేదరికానికి కాపలా కాయించుకోవడం ఇక చాలు.

ఇంకొక సంగతి మీ గైడ్లు చెప్పరు. పాతబస్తీ ముస్లిములదొక్కటే కాదు. లాల్ దర్వాజా సింహవాహిని బోనాలు ఇక్కడివే. మహారాజా కిషన్ పర్షాద్ నిజాం ప్రధానమంత్రి, 'షాద్' పేరుతో ఉర్దూ కవి, ఆయన దేవిడీ శాలిబండలో ఉంది. దళితులు, బీసీలు, మార్వాడీలు, కాయస్థులు తరాలుగా ఈ గల్లీల్లోనే ఉన్నారు. 1990 డిసెంబరు అల్లర్లలాంటివి జరిగినప్పుడల్లా కలిసున్న వీధులు విడిపోయాయి. అటువాళ్లు అటు, ఇటువాళ్లు ఇటు జరిగారు. అయినా మిగిలిన హిందూ ఇళ్లు చాలా ఉన్నాయి. ఇది 'ముస్లిం ఏరియా' అని ముద్ర వేసినప్పుడు ఆ ఇళ్లవాళ్లనీ తుడిచేస్తున్నారు. వాళ్ల నల్లాలోనూ మా నల్లాలో వచ్చే నీళ్లే వస్తాయి. చిరునామా చెప్పగానే బ్యాంకువాడు ముఖం చిట్లిస్తే ఆ చిట్లింపు వాళ్లకీ తగులుతుంది. మీ వీధుల్లో ఇల్లు అడిగినప్పుడు మాత్రం పేరు వాళ్లని దాటిస్తుంది. పేదరికం ఇద్దరిదీ, పేరు మా ఒక్కరిది.

కాబట్టి రండి, ఉండండి, తినండి. కానీ రెండు రాత్రుల్లో లోకల్ అయిపోయామని చెప్పుకోకండి. నెలాఖరున కరెంటు బిల్లు కట్టి చూడండి. ఆధార్‌లో ఈ చిరునామా రాయించుకుని ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి చూడండి. అర్ధరాత్రి తలుపు తట్టినప్పుడు కాగితాలు పట్టుకుని గల్లీలో నిలబడి చూడండి. అంత ఓపిక లేకపోతే మెహమాన్‌గానే ఉండండి, అదీ గౌరవమైన పేరే.

నేను అడిగేది దయ కాదు, రాకపోకల హక్కు. మీకు మా గల్లీలో రెండు రాత్రులు ఉండే స్వేచ్ఛ ఉన్నట్టే, తాలాబ్‌కట్టా పిల్లకి అమీర్‌పేటలో, మలక్‌పేట దాటి దిల్‌సుఖ్‌నగర్‌లో, విశాఖ ఎం.వి.పి. కాలనీలో తన పేరు తాను చెప్పుకుని ఇరవయ్యేళ్లు ఉండే స్వేచ్ఛ కావాలి. బురఖా వేసుకున్నా, వేసుకోకపోయినా. మాంసం వండినా, పప్పు వండినా. రావికమతంనుంచి వచ్చినవాణ్ణి రావికమతంవాడుగానే చూడాలి. ఆ రోజు వచ్చేదాకా, మా బస్తీకి వచ్చిన ప్రతి 'లోకల్'నీ ఛాయ్ ఇచ్చి, కూర్చోబెట్టి, ఒక్కటే అడుగుతాం:

మీ ఇంటి పక్క వాటా ఖాళీగా ఉందా భాయ్? అద్దె ఎంత?